ప్రశంసాధికారి జోగారావు

కలగా జోగారావు జన్మలో చుక్క ముట్టినవాడు కాడు. అందులో ఆయన గొప్పతనం పెద్దగా ఏమీ లేదు. చిన్నప్పుడు అమ్మ బలానికని పట్టబోయిన ద్రాక్షారిష్టం వాసనకే కడుపులో తిప్పేది. పెద్దయ్యాక ఆ తిప్పుడే నియమమైంది, నియమం అలవాటైంది, అలవాటు ముదిరి పేరైంది. ఆఫీసువాళ్లు ఎక్కడ విందు చేసుకున్నా ఆయన్ను తప్పకుండా పిలిచేవారు. పిలిచి, సోడా సీసాల పక్కన కుర్చీ వేసి, అందరి బండి తాళాలూ ఆయన ఒళ్లో పోసేవారు. విందు ముగిశాక ఒక్కొక్కరినీ ఇంటి దగ్గర దింపి, వాళ్ల భార్యల చేత "మీరు పక్కనుండీ ఇలా జరగనిచ్చారా అన్నయ్యగారూ" అని చీవాట్లు తినేవాడు. తాగినవాళ్లకి పడాల్సిన తిట్లన్నీ తాగనివాడికి పడడం లోకరీతి కాబోలునని సర్దుకుపోయాడు.

అలాంటి జోగారావుకి, రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చిన రోజుల్లో, ఆ తాగకపోవడం వల్లనే రాజయోగం పట్టింది.

ఆయన పనిచేసేది పానీయ ప్రశంసా నియంత్రణ మండలిలో. మద్యానికి ప్రకటనలు వేయకూడదని చట్టం ఉంది. గోడల మీద రాతలు చెరపడానికి ఒక శాఖా, పత్రికల్లో బొమ్మలు ఆపడానికి ఒక శాఖా ఉన్నాయి. మరి మనిషికి మనిషి నోటితో చెప్పుకునే మంచిమాటని ఎవరు ఆపాలని ఒకానొక సభలో ఎవరో అడిగారు. జవాబు తోచక, ఈ మండలిని పెట్టారు. విశాఖపట్నంలో పాత గోదాము మేడ మీద దాని ఆఫీసు. పెట్టిన నాటినుంచీ పని లేదు. మనవైపు తాగేవాడు తాగుతాడే గాని, కూర్చుని దాన్ని పొగడడు. పొగిడే ఓపిక ఉన్నవాడికి అప్పటికే నాలుక మడతబడి ఉంటుంది.

పని లేకపోవడం మండలి అధ్యక్షుడు దివాకరం గారికి మహా బాధగా ఉండేది. ఆయన పొట్టి మనిషి, పొడుగు మాట. రూలు తప్పి తుమ్మేవాడు కాదు. లంచం ఎరగడు, సెలవు ఎరగడు. తన శాఖకి తగిన నేరం ఊళ్లో జరగడం లేదన్నదొక్కటే ఆయన కొరత.

ఆ కొరత లాసన్స్ బే కాలనీలో తీరింది.

అక్కడ క్రిస్టఫర్ రత్నం గారని, రేవులోకి వచ్చే ఓడలకి దారి చూపే పైలట్ పని చేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నాడు. కుర్రతనంలో ఓడ మీద ఆస్ట్రేలియా రేవులన్నీ తిరిగాడు. అక్కడ కూలివాడు కూడా సాయంత్రం భోజనంతోపాటు ఒక గ్లాసు వైను పుచ్చుకుని, దాని గురించి పది నిముషాలు మాట్లాడి పడుకోవడం చూసి ముచ్చటపడ్డాడు. మన ఊళ్లలో వైన్ షాపు అని బోర్డున్న చోట వైను తప్ప అన్నీ దొరుకుతాయి గనుక, ఆ ముచ్చట చాలాకాలం తీరలేదు. ఈమధ్య సుంకాలు తగ్గి ఆస్ట్రేలియా సీసాలు అరల మీద కనిపించడం మొదలైంది. వెంటనే ఆయన ఇద్దరు స్నేహితులని పోగుచేసి, ఆదివారం సాయంత్రాలు తన మేడ మీద ఒక కూటమి పెట్టాడు. తెచ్చే సీసా ఆస్ట్రేలియాదై ఉండాలి. కొన్నందుకు ఇంట్లో ఎవరూ మూతి ముడుచుకోనంత చవకదై ఉండాలి. తెచ్చినవాడు అది తనకెందుకు నచ్చిందో చెప్పాలి. "ఖరీదైంది బాగుంటే అందులో వింతేముంది? చవకది బాగుంటేనే గదా పక్కవాడికి చెప్పాలి" అనేది రత్నం గారి సిద్ధాంతం.

ఆ కూటమిలో అందరికన్నా పెద్దావిడ సుభద్రమ్మ గారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. ఒక ఆదివారం ఆవిడ గుడ్లగూబ బొమ్మ ఉన్న షిరాజ్ సీసా ఒకటి తెచ్చింది. షిరాజ్ అంటే నల్లద్రాక్షల్లో ఒక రకం. దాని ఫొటో తీసి, "ఈ గుడ్లగూబ అందరికీ అందుబాటులో ఉంది, రుచి అమోఘం" అని తమ ఫోన్ గ్రూపులో రాసింది. ఆ మాట ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి పాకి, మూడోనాటికి దివాకరం గారి తోడల్లుడి ద్వారా దివాకరం గారిని చేరింది.

ఆయన కళ్లు మెరిశాయి. ఆఫీసునంతా సమావేశపరిచి, నిలబడి మాట్లాడాడు.

"పానము వ్యక్తిగతము. ప్రశంస సామాజికము. పానము గొంతు దిగి ఆగును, ప్రశంస ఊరంతా ప్రాకును. అమోఘము అన్నారు. మోఘమో అమోఘమో నిర్ణయించవలసినది ఎవరు? మనము."

తర్వాత ఆయన విషయాన్ని మెట్టుమెట్టుగా విప్పాడు. అబద్ధపు పొగడ్త ప్రకటన అవుతుంది, అది నేరం. నిజమైన పొగడ్త సమాచారం అవుతుంది, అది పౌరుడి హక్కు. కాబట్టి పొగడ్తని ఆపకూడదు, అది నిజమో కాదో తేల్చి ధ్రువీకరించాలి. తేల్చడానికి ఒక ప్రశంసాధికారి కావాలి. ఆ అధికారి తాగేవాడైతే అతడికి ముందే ఇష్టాయిష్టాలు ఉంటాయి, పక్షపాతం వస్తుంది. కనుక అతడు 'పూర్వ రసానుభవ రహితుడు' అయి ఉండాలి. తెలుగులో చెప్పాలంటే, ఎన్నడూ రుచి చూడనివాడే రుచి గురించి తీర్పు చెప్పాలి.

అప్పుడు ఆఫీసులో వడపోత మొదలైంది. ఒకరు పెళ్లిలో బావమరిది బలవంతాన తాగానన్నారు. ఒకరు దగ్గుమందు ఎక్కువ మోతాదులో పుచ్చుకున్నానన్నారు. క్రిస్మస్ కేకులో రమ్ము వేస్తారని తెలిసి ఇద్దరు గుమాస్తాలు తలలు దించుకున్నారు. చివరికి జోగారావు ఒక్కడు మిగిలాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆఫీసంతా ఆయన్ను తేరిపార చూసింది.

ఉద్యోగంతోపాటు జీపు వచ్చింది. కొండవాలున రెండు గదులూ, ముందు విరజాజి పందిరీ ఉన్న క్వార్టరు వచ్చింది. ఎన్నాళ్లుగానో మూడో అంతస్తు మెట్లెక్కి మోకాళ్లు అరగదీసుకున్న ఆయన భార్య రవణమ్మ ఆ పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చుని, "మీకేమీ తెలియదని ఇన్నాళ్లూ లోపల్లోపల బాధపడేదాన్ని. దానికీ ఓ ఉద్యోగం ఉంటుందనుకోలేదు సుమండీ" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంత ఉందో, సంతోషం ఎంత ఉందో జోగారావు విడదీయలేకపోయాడు. ఆయనకి మాత్రం గర్వంగానే ఉంది.

మొదటి ఆదివారం జీపు వచ్చి ఆగగానే రత్నం గారి మేడ మీద అందరూ గ్లాసులు కుర్చీల కింద దాచారు. జోగారావు చేతులు జోడించి, దాచనక్కర్లేదని, తాను పట్టుకోవడానికి రాలేదని, పొగుడుతుండగా వినడానికే వచ్చానని చెప్పాడు. ఆయన కోసం మజ్జిగ వచ్చింది. అది తాగుతూ, వినడం మొదలుపెట్టాడు.

కూటమిలో మూడోవాడు హోమియో డాక్టరు పేర్రాజు. ఆయన ఆనాటి సీసాని వెలుతురుకి పట్టి, ఇందులో బ్లాక్‌బెర్రీ వాసన గొప్పగా ఉందన్నాడు. జోగారావు వినయంగా, బ్లాక్‌బెర్రీ ఎలా ఉంటుందండీ అని అడిగాడు. పేర్రాజు రత్నం గారికేసి చూశాడు. రత్నం గారు సముద్రంకేసి చూశాడు. ఆయన ఓడల మీద తిరిగిన రోజుల్లో జాము డబ్బా మీద దాని బొమ్మ చూశాడట. అంతకుమించి అక్కడున్నవాళ్లెవరూ ఆ పండు ఎరగరు. సీసా వెనక రాసి ఉన్నదే పేర్రాజు చదివాడు.

జోగారావు ఉన్నదున్నట్టు రిపోర్టు చేశాడు. దివాకరం గారు ఉత్తర్వు వేశాడు. పౌరులు తాము తిని ఎరుగని ఫలముతో పోలిక చెప్పరాదు. బ్లాక్‌బెర్రీ ఉన్నచోట నేరేడు వాడవలెను. చెర్రీ మాటేమిటన్న ప్రశ్న వచ్చింది. మన బేకరీ కేకుల మీద చెర్రీ పేరుతో కూర్చునేది పంచదార పాకంలో నానిన వాక్కాయేనని సుభద్రమ్మ గారు తెలియజేసింది. ఉత్తర్వులో వాక్కాయ చేరింది. పాత తోలు వాసనని కొత్త చెప్పుల వాసనగా సవరించారు. పాతవైతే అర్థం వేరుగా వస్తుందని జోగారావే సూచించాడు.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తర్వుతో కూటమికి మేలే జరిగింది. నేరేడు అనేసరికి ఒక్కొక్కరికీ తిన్న నేరేళ్లు గుర్తుకొచ్చాయి. ఉప్పు అద్దుకు తిన్నవీ, చొక్కా మీద మరకపడి దెబ్బలు తిన్నవీ. వైను గురించి పది నిముషాలు మాట్లాడాలనుకున్నవాళ్లు గంటసేపు మాట్లాడుకున్నారు. జోగారావు ఖాళీ మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తాళాలు కాయకుండా ఒక విందులో కూర్చోవడం ఆయనకదే మొదలు.

తర్వాతి చిక్కు బిరడా దగ్గర వచ్చింది. తెరిచిన ప్రతి సీసాకి రుజువుగా దాని బిరడా మండలికి జమచేయాలని నిబంధన. ఆస్ట్రేలియావాళ్లు, పై రకం సీసాలకి కూడా, దగ్గుమందు సీసాకి మల్లే మరమూత పెడతారు. మరమూత బిరడా కాదని దివాకరం గారు తేల్చాడు. బిరడా లేని సీసా చట్టం దృష్టిలో తెరవబడనిది. తెరవని సీసాలోని వైను తాగబడనిది. తాగనిదాన్ని పొగడడం అబద్ధం. రెండు ఆదివారాలు కూటమి నోరు మూసుకుని తాగాల్సి వచ్చింది. ఆఖరికి పేర్రాజు తన పాత హోమియో మందు సీసాల బిరడాలు ఒక డబ్బాడు వెతికి తెచ్చాడు. చిటికెన వేలి గోరంత బిరడాలు. సీసాకొకటి చొప్పున జమచేస్తూ వచ్చారు. బిరడా ఎంత ఉండాలో నిబంధనలో లేదు గనుక మండలి పుచ్చుకుంది.

మరో వారం పేర్రాజు తెల్లవైను తెచ్చాడు. రీస్లింగ్ అనే ద్రాక్ష నుంచి తీసినది, నాలుగైదేళ్లు సీసాలో ఊరినది. దాన్లో నిమ్మతొక్కతోపాటు సన్నగా పెట్రోలు వాసన రావడమే అందమన్నాడు. పెట్రోలు మాట వినగానే దివాకరం గారు, ఆ సీసా తెరిచేటప్పుడు మేడ మీద రెండు బకెట్ల ఇసుక ఉంచాలనీ, అగ్గిపుల్ల గీయరాదనీ ఆదేశించాడు. ఇసుక వచ్చింది. రత్నం గారి భార్య అందులో కొత్తిమీర విత్తింది.

ఇంతలో అసలు చర్చ 'అందుబాటు' దగ్గర మొదలైంది. గుడ్లగూబ సీసా అందరికీ అందుబాటులో ఉందని సుభద్రమ్మ గారు రాసింది గదా. అందుబాటంటే ధర అని మామూలు మనుషులు అనుకుంటారు. దివాకరం గారు నిఘంటువు తెరిచాడు. అందుబాటు అనగా చేతికి అందుట. కావున సదరు సీసా దుకాణములో సగటు పౌరునికి చేయి చాచిన అందవలెను. సగటు పౌరుడెవరన్న సందేహానికి, అధ్యక్షుడు పౌరుడే గనుకా, కొలతకి రోజూ దొరుకుతాడు గనుకా, ఆయన ఎత్తునే ప్రమాణంగా తీసుకున్నారు.

జోగారావు టేపు పట్టుకుని షాపుకి వెళ్లాడు. ఖరీదైన సీసాలన్నీ ఎదురుగా నడుమెత్తులో తళతళలాడుతున్నాయి. గుడ్లగూబ మాత్రం అమ్ముడుపోదని అటక మీద దుమ్ముకొట్టుకుని ఉంది. ఆయన నిచ్చెన వేయించుకుని కొలుస్తుంటే షాపు యజమాని కిందనుంచి, "బాబూ, తవరికి సీసా కావాలంతే నానే దించి ఇత్తాను గదా, ఆ టేపెందుకు?" అన్నాడు. లెక్క ప్రకారం ఖరీదైనవన్నీ అందుబాటులో ఉన్నట్టూ, ఊళ్లోకల్లా చవకైనది అందుబాటులో లేనట్టూ తేలింది. అలా రాస్తే సుభద్రమ్మ గారి మాట అబద్ధమవుతుంది, ఆవిడ నేరస్తురాలవుతుంది. జోగారావుకి అన్నం సయించలేదు. మర్నాడు తన ఇంట్లో పీట ఒకటి పట్టుకెళ్లి అటక కింద వేసి, దివాకరం గారిని దాని మీద నిలబెట్టి చేయి చాపమన్నాడు. అందింది. 'పీట సహిత అందుబాటు' అని ధ్రువపత్రం జారీ అయింది. దుమ్ము దులిపిన గుడ్లగూబని నలుగురూ చూసి, అదేమిటో కొనుక్కుపోవడం మొదలుపెట్టారు.

ఇన్నాళ్లుగా జోగారావు వైను నాలుక మీద వేసుకోలేదు. కాని వాసన ధ్రువీకరించాలంటే వాసన చూడాలి గదా. దానికి దివాకరం గారే వెసులుబాటిచ్చాడు. నాసిక అనుమతించబడినది, జిహ్వ నిషేధించబడినది అన్నాడు. తాగుడు, జర్దా, పొడుం ఏదీ తగలని ఆ ముక్కు వాడకం లేక కొత్తగానే ఉంది. అది మెల్లగా మేలుకుంది. మొదట్లో అన్నీ ఒకే పులుపుగా తోచేవి. తర్వాత ఒకదాంట్లో లవంగం, ఒకదాంట్లో మిరియం, ఒకదాంట్లో తడిసిన కర్ర తెలియసాగాయి. గుడ్లగూబ సీసా అయితే మూత తీయగానే పండిన నేరేడూ, ఆ వెనకాల వానకి ముందు లేచే మట్టి వాసనా వచ్చేవి. ఇంట్లో రవణమ్మ చారు కాస్తే, ధనియాలు కాస్త మాడాయి, అడుగున ఇనుము తగులుతోంది అన్నాడు. గరిటె కొత్తదని ఆవిడ ఒప్పుకుని, ఇక ఈయనకి వంట దాచడం కుదరదని పక్కింటావిడతో చెప్పుకుంది.

ఆదివారం వస్తుందంటే ఆయనకి శనివారం నుంచే హుషారుగా ఉండేది. అయితే ఆ హుషారు రిపోర్టుల్లోకి ఎక్కింది. ఇదివరకు 'నేరేడు వాసన, నిజమే' అని ముగించేవాడు, ఇప్పుడు 'నేరేడు వాసనే గాని, అది పగలు కోసిన నేరేడు కాదు, తెల్లవారుజామున రాలినది' అని రాశాడు. ఆ వాక్యం దగ్గర దివాకరం గారు కలం ఆపాడు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. సదరు అధికారిలో పరిజ్ఞాన లక్షణములు పొడసూపినట్లు అనుమానింపబడుచున్నది. కావున ఆయనకు అజ్ఞాన పరీక్ష నిర్వహింపబడును. అందులో ఉత్తీర్ణుడైనచో పదవి కొనసాగును.

పరీక్ష సులువైనదే. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో కూటమి వాళ్ల గుడ్లగూబ, ఇంకోదాంట్లో దివాకరం గారికి బావగారు విదేశాల నుంచి తెచ్చిచ్చిన గొప్ప సీసా. ఏది ఏదో తెలియదని చెప్తే నెగ్గినట్టు. రవణమ్మ విరజాజులు కోస్తూ, ఎన్నేళ్లుగానో చెప్తున్న మాటే ఇంకోసారి చెప్పి రమ్మంది. కూటమి వాళ్లు కూడా అదే చెప్పారు. ఆయన పోతే ఆ కుర్చీలో ఎవరొస్తారో, ఆ వచ్చినవాడు మజ్జిగతో సరిపెట్టుకుంటాడో లేదో అని వాళ్ల భయం.

పరీక్షనాడు రత్నం గారూ సుభద్రమ్మ గారూ సాక్షులుగా వెళ్లి గోడవార కూర్చున్నారు. అటెండరు తెర వెనక రెండు గ్లాసులు నింపి, ఏది ఏ సీసాదో చీటీల మీద రాసి గ్లాసుల కింద బోర్లా పెట్టి తెచ్చాడు. ముందుగా ప్రమాణం స్థాపించాలని దివాకరం గారే గ్లాసు అందుకున్నాడు. అధ్యక్షునికి జిహ్వ నిషేధం వర్తించదు. ఆయన మొదటి గ్లాసు వాసన చూసి, గుటక వేసి, కళ్లు మూసుకుని, ఇది ఉదాత్తము, ఇది గంభీరము, దీని వంశమే వేరు, మా బావగారి అభిరుచి ఇట్టిది అన్నాడు. రెండోది మూతికి తగిలించి దించేశాడు. "ఇది నేల కడుగుటకు పనికివచ్చును. దీనిని అమోఘమన్న వారి నాలుకను ఏమనవలెను? గుడ్లగూబ ప్రశంసను నేటినుండి శాశ్వతముగా నిషేధించుచున్నాను" అన్నాడు.

జోగారావు వంతు వచ్చింది. మొదటి గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చాడో లేదో పండిన నేరేడు, వెంటనే వాన ముందటి మట్టి. అది గుడ్లగూబ. రెండో గ్లాసులో ఏదో గొప్ప వాసన ఉండేదే కాబోలు, ఎండలో పడి ప్రయాణం చేసిందేమో, ఉడికిన రేగుపళ్ల కంపు కొడుతోంది. ఆయన తలెత్తాడు. సుభద్రమ్మ గారు కూర్చున్న చోటునుంచే, తెలియదని చెప్పమని కళ్లతో బతిమాలుతోంది. ఆవిడ నాలుకని నలుగురిలో అంత మాట అనిపించుకుని కూడా, ఆయన జీపు గురించీ, ఆయన భార్య మోకాళ్ల గురించీ ఆలోచిస్తోంది.

తెలియదు అన్న మాట జోగారావు నోటి చివరిదాకా వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఎన్నో ఆఫీసుల్లో అలవాటైన మాటే. ఈసారి మాత్రం అది పెదవి దాటలేదు.

"నాకు తెలుసు సార్. మీరు పొగిడిందే గుడ్లగూబ. నేల కడగమన్నది మీ బావగారిది" అన్నాడు.

అటెండరు చీటీలు తిరగేశాడు. దివాకరం గారు చీటీలని రెండుసార్లు చదివి, ముఖం ఏమాత్రం మారనివ్వకుండా, అధికారి పరీక్షలో తప్పినట్టు ప్రకటించాడు. ఆయన అజ్ఞానం ఈ క్షణమే నశించింది గనుక పదవి ఈ క్షణమే రద్దు. ఇంతవరకు ఇచ్చిన ధ్రువపత్రాలు మాత్రం ఆనాటి అజ్ఞానంతో ఇచ్చినవి గనుక చెల్లుతాయన్నాడు. జోగారావు జీపు తాళం బల్ల మీద పెట్టాడు.

అప్పుడు సుభద్రమ్మ గారు లేచి, పాఠం మధ్యలో సందేహం అడిగే పిల్లలా చెయ్యెత్తింది.

"అయ్యా, ఇందాక మీరు గుడ్లగూబని ఉదాత్తమనీ గంభీరమనీ మా అందరి ఎదటా పొగిడారు గదా. మరి దానికి ధ్రువపత్రం ఎవరిస్తారు?"

దివాకరం గారు మెట్టుమెట్టుగా లెక్కవేశాడు. ధ్రువీకరించాల్సిన అధికారి లేడు, తానే ఇప్పుడే తీసేశాడు. ధ్రువీకరణ లేని పొగడ్త ప్రకటన. ప్రకటన నేరం. ఇంకొకరైతే నవ్వేసి ఊరుకునేవారు. ఆయన రూలు మనిషి, ఆ మర్యాద ఆయనకి దక్కాల్సిందే. ఆ సాయంత్రమే మద్యాన్ని బహిరంగంగా ప్రశంసించినందుకు సంజాయిషీ కోరుతూ తన పేర తానే నోటీసు జారీ చేశాడు. తానే సంతకం పెట్టి అందుకున్నాడు. జవాబుకి గడువు కోరుతూ తనకే అర్జీ పెట్టుకున్నాడు. పరిశీలించి గడువు ఇచ్చాడు. విచారణ తేలేదాకా ఎవరి పొగడ్త మీదా చర్య తీసుకునే అధికారం అధ్యక్షుడికి ఉండదు. ఆ గడువు ఈనాటికీ పొడిగింపులో ఉంది.

కొత్త ప్రశంసాధికారి కోసం పత్రికల్లో వేశారు. వేసిన వారానికల్లా ద్వారకానగర్లో ఒక కోచింగ్ సెంటరు వెలిసింది. మూడు నెలల్లో సంపూర్ణ అజ్ఞానం, ఫలితాలకి మాదే పూచీ అని బోర్డు పెట్టింది. తెలియకూడనివి ఏమేమిటో అక్కడ రెండు పుస్తకాలుగా అచ్చువేసి కంఠతా పట్టించారు. పాపం ఆ కుర్రాళ్లందరూ పరీక్షలో తప్పారు. ఏం తెలియకూడదో వాళ్లకి క్షుణ్ణంగా తెలిసిపోయింది.

జోగారావు క్వార్టరు ఖాళీ చేసి మళ్లీ మూడో అంతస్తుకి చేరాడు. సామాను ఎక్కించిన రోజున ఆయన భార్య ముఖంలోకి చూడలేకపోయాడు. రవణమ్మ మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కి, పైకొచ్చాక ఆయాసం తీరేదాకా గడపలో కూర్చుంది. "పందిరిదేముంది, విరజాజి కుండీలో కూడా పాకుతుంది. కాని ఆ పెద్దావిడ అంత మాట పడుతుంటే మీరు తెలియదని కూర్చుని ఉంటే మాత్రం నేను ఆ జీపెక్కేదాన్ని కాదు" అంది. ఆయన లోపలికి వెళ్లి చాలాసేపు సామాను సర్దుతూ ఉండిపోయాడు.

ఆదివారం రత్నం గారి దగ్గర్నించి కబురొచ్చింది. అధికారిగా కాదు, స్నేహితుడిగా రమ్మని, సతీసమేతంగా రమ్మని. మేడ మీద ఆయనకి ఈసారి మజ్జిగ ఇవ్వలేదు. సుభద్రమ్మ గారు స్వయంగా గుడ్లగూబ మూత తిప్పి, గ్లాసులో నాలుగు చెంచాలంత పోసి చేతికిచ్చింది. ఇకమీదట నాలుకకి నిషేధం లేదు. తాగాలా వద్దా అని ఆయన భార్యకేసి చూశాడు. ఆవిడ, ఇన్నాళ్లూ వాసన చూసి ఊళ్లో అందరికీ చెప్పారు, అదేదో ఒకసారి చూసి తేల్చండి అంది.

అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. జోగారావు కళ్లు మూసుకుని ఒక గుక్క పుచ్చుకున్నాడు. నోట్లో కాసేపు ఉంచాడు. మింగాడు. ఇంత ముక్కున్నవాడి నాలుక ఏమంటుందోనని పేర్రాజు కుర్చీ అంచుకి జరిగాడు.

"వాసనకీ దీనికీ సంబంధం లేదండీ. పచ్చి చింతపిక్క చప్పరించినట్టు వగరుగా ఉంది" అన్నాడు జోగారావు, దాచడం చేతకాక.

రత్నం గారి ముఖం చిన్నబోయింది. సుభద్రమ్మ గారు తన గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"నాకూ మొదట్నించీ అలాగే ఉంటుంది నాయనా. చెబితే మళ్లీ రావద్దంటారేమోనని అమోఘమన్నాను."

పేర్రాజు దగ్గి, తాను ప్రతి ఆదివారం ఇంటికెళ్లాక బెల్లంముక్క నోట్లో వేసుకుంటానని ఒప్పుకున్నాడు. అందరి చూపులూ రత్నం గారి మీదికి తిరిగాయి. ఆయన సముద్రంకేసి తిరిగి, దూరాన లంగరు వేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలిగేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే, వచ్చే ఆదివారం సీసా ఎవరు తెస్తున్నారని అడిగాడు.

నేనంటే నేనని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. వాళ్లలో జోగారావు గొంతే పెద్దదిగా వినిపించిందని రవణమ్మ చెబుతుంది.